మొదటి జగ్గు నీళ్లు

ఆ వేసవిలో మా ఇంట్లో చచ్చినవి నత్తలూ రొయ్యలూ అయితే, అందరూ కలిసి చంపుకుతిన్నది నన్ను. మేత ఎక్కువ వేస్తున్నావన్నారు. తగ్గిస్తే, కడుపు మాడ్చి చంపుతున్నావన్నారు. తొట్టి కిటికీ పక్కన ఉంటే ఎండకి ఉడికిపోతున్నాయన్నారు. లోపలికి జరిపితే వెలుతురు లేక చస్తున్నాయన్నారు. ఆ ఇంట్లో తొట్టి గురించి తెలియనిదాన్ని నేనొక్కదాన్నే, దాన్ని కడిగేదీ నేనొక్కదాన్నే.

తొట్టి నాకు రంగుల కొట్టులో నాతోపాటు పనిచేసే ఆవిడ ఇచ్చింది. వేరే ఊరు వెళ్లిపోతూ, సామాన్లతో పాటు నీళ్లు మోయలేక, "నువ్వయితే చూసుకుంటావు" అని మా ఇంటికి పంపేసింది. అందులో గుప్పెడు చిన్న చేపలు, కొన్ని నత్తలు, గోరంతేసి ఎర్ర రొయ్యలు. వండుకునేవి కావు, చూసుకునేవి. పెళ్లయి వచ్చాక ఆ ఇంట్లో నాదని చెప్పుకోగలిగిన మొదటి వస్తువు అదే. బీరువా పోయిన అత్తగారిది. టీవీ మా ఆయనది. పడక్కుర్చీ మావయ్యది, అందులో ఆయన లేనప్పుడు కూడా ఎవరూ కూర్చోరు. తొట్టి మాత్రం నాది.

మావయ్య ప్లంబరు. పని మానేశాక చేతులు ఊరుకోక, ఆ వేసవి మొదట్లో ఇంట్లో తుప్పు పట్టిన ఇనప గొట్టాలన్నీ పీకేసి రాగి గొట్టాలు వేశారు. ప్లాస్టిక్కువి చాలు నాన్నా అని మా ఆయన అంటే, "నా ఇంట్లో ప్లాస్టిక్కా?" అని అలిగి ఆ రోజంతా మంచినీళ్లు కూడా ముట్టలేదు. చివరికి ఆయన మాటే నెగ్గింది. కళ్లజోడు ముక్కు మీదకి జారిపోతుంటే, చెయ్యి కొంచెం వణుకుతుంటే, గొట్టాలన్నీ ఒక్కరే మంటతో కాల్చి అతికారు. అయ్యాక నన్ను పిలిచి, "చూడమ్మాయ్, ఎక్కడైనా చుక్క కారిందా?" అన్నారు. కారలేదు. నిజం చెప్పాలంటే అంత అందమైన గొట్టాలు నేనెక్కడా చూడలేదు. వచ్చిపోయేవాళ్లందరికీ వంటింట్లోకి తీసుకెళ్లి చూపించేవారు.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కుళాయి దారంలా వచ్చేది. నీళ్లు పొదుపుగా వాడండని వీధిలో బండి మీద మైకు పెట్టి చెప్పి వెళ్లారు. మా ఇంటికి ఆ మైకు అనవసరం. ముఖానికి సబ్బు రాసుకుంటూ కుళాయి వదిలేస్తే చాలు, వెనక నుంచి మావయ్య చెయ్యొచ్చి కట్టేసేది. కళ్లల్లో సబ్బుతో గోడ తడుముకుంటూ నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

ఆ వేడికి తొట్టిలో నీళ్లు రోజూ జగ్గుడు ఇగిరిపోయేవి. నేను సాయంత్రం కొట్టు నుంచి రాగానే చిన్న బకెట్టులో నీళ్లు పట్టి, క్లోరిన్ విరిచే చుక్కలు వేసి, తొట్టి బల్ల కింద పెట్టేదాన్ని. ఇంట్లో అందరికన్నా ముందు లేచేది మావయ్య కాబట్టి, తొట్టి నింపే పని ఆయన తీసుకున్నారు.

"బల్ల కింద పట్టిపెట్టాను మావయ్యా" అన్నాను మొదటి రోజు.

"నీళ్ల సంగతి నాకు చెబుతావా అమ్మాయ్?" అన్నారు.

నిజమే కదా, ప్లంబరుకి నీళ్ల సంగతి చెప్పేదేముందని ఊరుకున్నాను. సాయంత్రం చూస్తే బకెట్టు ఖాళీగా ఉండేది. తొట్టి నిండుగా ఉండేది. ఒక పని తప్పిందనుకున్నాను.

ముందు నత్తలు పోయాయి. గాజుకి అంటుకుని పాకేవి ఒక్కొక్కటే కింద పడి, గుల్లలోంచి వేలాడుతూ ఉండిపోయాయి. తరవాత రొయ్యలు. పొద్దున్న చూస్తే ఒకటి పక్కకి ఒరిగి, ఎర్రరంగు పోయి తెల్లగా ఉడికినట్టు పడి ఉండేది. చేపలకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. పక్కన శవం ఉన్నా మేత కోసం నా వేలి వెంట పరిగెత్తేవి. నాకు వాటి మీద కూడా కోపం వచ్చేది.

చేపల కొట్టాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నేను చెప్పిందంతా విని, వల కడుక్కుంటూనే అడిగాడు.

"చేపలు బానే ఉన్నాయా?"

"బంగారంలా ఉన్నాయి."

"నత్తలూ రొయ్యలే పోతున్నాయి. ఇంట్లో ఈమధ్య కుళాయి పనేమైనా చేయించారా మేడమ్?"

"రాగి గొట్టాలు వేశారు."

"అదీ సంగతి. కొత్త రాగి నీళ్లలోకి దిగుతుంది. చేపలు కొంత ఓర్చుకుంటాయి. రొయ్యలూ నత్తలూ ఓర్చుకోలేవు, వాటికి రవ్వంత చాలు. ఎవరు వేశారు గొట్టాలు?"

"మా మావయ్య."

ఆయన వల దులిపి పక్కన పెట్టి, "అయితే మీ ఇష్టం" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర వీలైనంత మెత్తగా మొదలుపెట్టాను. "నీళ్లలో రాగి ఏమైనా కలుస్తోందేమోనట" అన్నానో లేదో, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మావయ్య ముద్ద వదిలేశారు.

"ఎవడన్నాడు?"

"చేపల కొట్టాయన."

"వాడికేం తెలుసు గొట్టాల సంగతి? ఈ చుట్టుపక్కల సగం ఇళ్లకి నేనే వేశాను రాగి. ఆ ఇళ్లల్లో వాళ్లంతా పోయారా?"

"మనుషులు కాదు మావయ్యా. రొయ్యలు."

"రొయ్య చచ్చిందని గొట్టం మారుస్తామా?"

"మార్చమని ఎవరన్నారు? చూద్దామంటున్నా."

మా ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని వస్తాడు కాబట్టి ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఎవరిది న్యాయమో చూడకుండా చిన్న గొంతుని నొక్కేస్తాడు. ఆ చిన్న గొంతు ఎప్పుడూ నాదే.

"నాన్న ఇన్నాళ్లకి ఒక పని చేసుకుని సంతోషంగా ఉన్నాడు. దానికి కూడా వంక పెట్టాలా?" అన్నాడు. చెయ్యి కడుక్కోబోతూ తిరిగి, "ముందు ఆ పాలవాణ్ణి మార్చు. పొద్దున్న టీ ఏదోలా ఉంటోంది" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. నేను రొయ్యల గురించి మాట్లాడితే ఆయనకి టీ గుర్తొచ్చింది.

మర్నాడు చేపల కొట్టులో రాగిని కనిపెట్టే కిట్టు కొనుక్కొచ్చాను. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి, మారిన రంగుని ఒక కార్డుతో పోల్చి చూడాలి. రాగి లేకపోతే తెలుపు, ఉన్నకొద్దీ నీలం. రంగులు పోల్చడం నాకు కొత్తా? అదే నా ఉద్యోగం. ఇంటికొచ్చి, బకెట్టు నింపగానే అదే కుళాయి నీళ్లు పరీక్ష పెట్టాను. అప్పటికే ఇంట్లో స్నానాలూ బట్టలూ అన్నీ అయ్యాయి. మావయ్య కళ్లజోడు తుడుచుకుని వచ్చి నా పక్కనే నిలబడ్డారు. గాజు గొట్టంలో నీళ్లు తెల్లగా అలాగే ఉన్నాయి.

"ఏం తేలింది?"

"ఏం లేదు."

"ఏం లేదు?"

"రాగి లేదు."

"సరిగ్గా వినపళ్లేదమ్మాయ్."

"రాగి లేదు మావయ్యా!"

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. అప్పుడైనా ఊరుకోవలసింది. ఊరుకోలేక తొట్టి నీళ్లు కూడా పరీక్ష పెట్టాను. ఈసారి నీళ్లు రంగు తిరిగాయి. కార్డులో మొదటి గడి కన్నా తక్కువే, కానీ తిరిగాయి.

"తెలుపే కదా" అన్నాడు మా ఆయన.

"కాదండీ, కొంచెం నీలం."

"ట్యూబులైటు వెలుగులే అది."

"పొద్దస్తమానం తెలుపులు అమ్మేదాన్ని నేను. పాల తెలుపు, ముత్యం తెలుపు, దంతం తెలుపు, అన్నీ చూపించి జనాల చేత ఒకటి ఒప్పిస్తాను. ఇది తెలుపు కాదు."

"నీకు నీలం కావాలనుంది, కనిపిస్తోంది."

మావయ్య గట్టిగా అననేలేదు. నెమ్మదిగా అడిగారు. "కుళాయిలో లేనిది తొట్టిలోకి ఎక్కణ్ణుంచి వస్తుందమ్మాయ్? పైనుంచి రాలిందా?"

 నాకే అది అర్థం కాలేదు. కిట్టు మూత పెట్టేసి గిన్నెలు తోమడానికి వెళ్లిపోయాను. ఆ గిన్నెల మోత వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

అప్పటి నుంచీ ఇంట్లో నా మాటకి విలువ పోయింది. ఇంకో రొయ్య చస్తే చాలు, మావయ్య కుళాయి వైపు చూసి, నా వైపు చూసి, పడక్కుర్చీలోకి వెళ్లిపోయేవారు. మా ఆయన ఒకరోజు తేల్చేశాడు. "ఈ నెలాఖరు దాకా చూద్దాం. ఇంకా చస్తూనే ఉంటే చేపల కొట్టాయన్ని వచ్చి పట్టుకెళ్లమందాం. చచ్చినవి ఏరుకోవడం తప్ప దీనివల్ల నీకేం ఒరుగుతోంది?"

"సరే, పట్టుకెళ్లమనండి" అన్నాను ఉక్రోషంతో. ఆయన నిజంగానే వెళ్లి చెప్పొచ్చాడు. నెలాఖరు ఆదివారం వస్తానన్నాడట.

అలా అన్నాక రెండురోజులకే ఆ రొయ్యని చూశాను. మిగిలిన కొద్దిపాటి రొయ్యల్లో అది పెద్దది. పొట్ట కింద గుత్తిగా గుడ్లు మోస్తోంది, చిన్న కాళ్లతో వాటిని విసురుతూ. చూలాలు అని పేరు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే దాని మీద కూడా నాలుగు సలహాలు వస్తాయి. ఒక్కటే అనుకున్నాను. ఆ పిల్లలు బయటికొస్తే చాలు, తొట్టిని ఎవరు కదిలిస్తారో చూస్తాను. సాయంత్రాలు సగం నీళ్లు తీసి కొత్తవి పోశాను. దాంతో రెండురోజులు అంతా బాగుండేది, మళ్లీ ఒకటి ఒరిగిపోయేది. చూలాలు మాత్రం నాచులో దాక్కుని నెట్టుకొస్తోంది. కొన్నాళ్లకి గుడ్లలో నల్లగా సూదిమొనంత కళ్లు కనిపించాయి. ఇక ఏ రోజైనా పొదుగుతాయి.

ఆ ఆత్రంతోనే ఒకరోజు తెల్లవారగానే లేచి ముందుగదిలోకి వచ్చాను. మావయ్య తొట్టి దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో జగ్గు. సగం పోశారు, సగం ఉంది. బల్ల కింద బకెట్టు అప్పటికే ఖాళీ.

"ఆ నీళ్లెక్కడివి మావయ్యా?"

"కుళాయివే. పొద్దుటి మొదటి జగ్గు."

"మరి బకెట్లోవి?"

"అవి వంటింట్లో బిందెలో పోశాను. టీకీ తాగడానికీ. రోజూ అదే కదా చేస్తున్నా."

"అవి తొట్టిలో పొయ్యడానికి కదా పట్టిపెట్టేది!"

"సాయంత్రం పట్టినవి మంచినీళ్లమ్మా. అప్పటికి గొట్టం బాగా కడిగేసి ఉంటుంది. అలాంటివి చేపలకి పోస్తే ఎలా? ఇవి రాత్రంతా గొట్టంలో నిలిచినవి. కొత్త రాగికి లోపల పొర కట్టేదాకా మొదటి నీళ్లు తాగకూడదు, వదిలెయ్యాలి. నేను గొట్టం వేసిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట చెప్పే బయటికొచ్చేవాణ్ణి."

"వదిలెయ్యాలి కదా మరి?"

"ఈ ఎండల్లో జగ్గుడు నీళ్లు పారబోస్తామా? మనకి పనికిరానివి పోనీ చేపలకైనా..."

అక్కడ ఆగిపోయారు. జగ్గు గాల్లోనే ఉంది.

నేను ఆ జగ్గు తీసుకుని, కిట్టు తెచ్చి, మిగిలిన నీళ్లు పరీక్ష పెట్టాను. కార్డు అక్కర్లేకపోయింది. మా కొట్టులో ఆ నీలాన్ని పిల్లల గదులకి కొంటారు. మావయ్య కళ్లజోడు పెట్టుకోలేదు. అవసరం లేదని ఆయనకీ తెలిసింది.

"రోజూ పోశారా?"

"రోజూ పోశానమ్మా."

తొట్టిలోంచి ఆవిరైపోయేది నీళ్లు మాత్రమే. రాగి ఎక్కడికీ పోదు. దాని మీద రోజుకో జగ్గు. నాకు ముందు నవ్వొచ్చింది. చేపల మందు కలిపిన నీళ్లు నెల రోజులుగా మనుషులం తాగుతున్నాం, మనుషులు తాగకూడని నీళ్లు రొయ్యలు తాగుతున్నాయి. మా మాటలకి లేచొచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి, "అంటే నా టీ..." అన్నాడు. ఆ మాట విన్నాక నవ్వు కూడా పోయింది.

కొట్టుకి ఆలస్యమైనా సరేనని, నిలవ బకెట్టు లేక, కుళాయి చాలాసేపు వదిలి, పట్టి, చుక్కలు వేసి, తొట్టిలో నీళ్లు మార్చాను. ఎవరూ కుళాయి కట్టెయ్యలేదు. చూలాలు నాచు మీద నిలబడి ఉంది, కానీ గుడ్లని విసరడం మానేసింది. సాయంత్రం వచ్చేసరికి పక్కకి ఒరిగి ఉంది. గుడ్లు అలాగే ఉన్నాయి, లోపల ఆ నల్లటి చుక్కలతో సహా. చెంచాతో తీసి పూలకుండీలో మట్టి కప్పాను.

మా ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు. "పోనీలే. నాన్న మంచికే చేశాడు కదా."

నాకు కడుపు మండిపోయింది. "అవును, మంచికే. మరి నెలంతా నేను చంపుతున్నాను, నేను చంపుతున్నాను అన్నారే, అప్పుడు నేను చెడుకి చేశానా? పాపం ఇదీ మంచికే చేస్తోందని ఈ ఇంట్లో ఒక్కరైనా అన్నారా?"

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. పడక్కుర్చీలో మావయ్య కదల్లేదు. వినపళ్లేదనుకోవడానికి లేదు, నేను అరిచింది పక్కింటికి కూడా వినపడింది. ఆ రాత్రి ఆయన తినలేదు. నేనూ అడగలేదు. అడగాలనిపించలేదు.

ఆదివారం వచ్చింది. తొట్టి పట్టుకెళ్లడానికి చేపల కొట్టాయన వస్తాడని నేను లేవగానే మేత డబ్బా, వల, చుక్కల సీసా అన్నీ ఒక సంచిలో సర్దేశాను. మావయ్య ఇంట్లో లేరు. చెప్పులు లేవు. మధ్యాహ్నం దాటినా రాలేదు. ఆ ఎండలో ఎక్కడికి పోయాడో అని మా ఆయన వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్లొచ్చాడు.

వచ్చారు చివరికి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. తలకి చుట్టుకోవలసిన తువ్వాలు చేతిలో దేనికో చుట్టి, గుండెకి ఆనించి పట్టుకున్నారు. తువ్వాలు విప్పితే లోపల నీళ్ల సంచి. అందులో ఎర్ర రొయ్యలు, అడుగున రెండు నత్తలు.

"తొట్టి కోసం రావద్దని చెప్పొచ్చాను వాడికి" అన్నారు.

సంచి నాకు అందించారు. "నువ్వే వెయ్యమ్మా. నేను ముట్టుకోను."

"ఎందుకు ముట్టుకోరు?"

"చంపింది నేనే కదా."

మంచికే చేశానని ఆయన అనలేదు. ఆ వేసవి మొత్తానికి మా ఇంట్లో ఒక మనిషి తన తప్పు తన నోటితో అనడం అదొక్కసారే. నా కోపం పోయిందా అంటే పోలేదు. చూలాలి గుడ్లలో ఆ కళ్లు ఇప్పటికీ గుర్తే. కానీ ఆయన చొక్కా చూశాక ఇంకేం అనలేకపోయాను. ఆ నీళ్లకి అలవాటు పడేదాకా సంచిని తొట్టిలో తేలేలా వేసి, సర్దిన సామానంతా మళ్లీ బయటికి తీశాను. మా ఆయన మావయ్యకి మంచినీళ్లు తెచ్చిచ్చి, ఎందుకైనా మంచిదని గ్లాసు ఒకసారి వాసన చూశాడు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి పిలుపు. "అమ్మాయ్, ఒకసారిలా రా."

వెళ్లాను. కుళాయి కింద పెద్ద బకెట్టు పెట్టి ఉంది. గచ్చు తుడిచే గుడ్డ దాని అంచుకి వేలాడుతోంది. కుళాయి విప్పి ఉంది. మావయ్య పక్కన నిలబడి, పారే నీళ్లని చూస్తున్నారు. చెయ్యి మాటిమాటికీ కుళాయి దాకా వెళ్లి వెనక్కి వస్తోంది.

"చాలా?" అన్నారు.

"మీకు తెలియదా మావయ్యా? ఎంతసేపు వదలాలో అందరిళ్లల్లోనూ మీరే కదా చెప్పింది?"

"అందరికీ చెప్పానమ్మా" అన్నారు, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా. "నా ఇంట్లోనే వదల్లేకపోయాను."

నేను జగ్గు తీసుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. బకెట్టు సగం నిండింది.

"ఇప్పుడు చాలా?"

"ఇంకొంచెం పోనివ్వండి మావయ్యా."

ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నారు.